1,200 గాజు గ్లాసులు, కడగడానికి ఐదుగురు: ముందు ర్యాకులు కొనాలా, మెషీన్ కొనాలా?

తెనాలి వంటలు

అందరికీ నమస్కారమండి. మాది తెనాలి. నాన్నగారి కాలం నుంచీ పెళ్లిళ్లకీ, గృహప్రవేశాలకీ వంటలు ఒప్పుకుంటున్నాం. నా ప్రశ్న వంట గురించి కాదు, గ్లాసుల గురించి.

2022 జులైలో ప్లాస్టిక్ గ్లాసుల మీద నిషేధం వచ్చాక కొన్నాళ్లు పేపర్ కప్పులతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు రిసెప్షన్ మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్లు మెనూ కంటే ముందు "వెల్‌కమ్ డ్రింక్ గాజు గ్లాసులో ఇస్తారా?" అని అడుగుతున్నారు. నీళ్లకి కూడా గాజే కావాలంటున్నారు. అందుకని 1,200 గ్లాసులు కొన్నాం. పొట్టివి, అడుగు మందంగా ఉండేవి.

వాటిని మోసేది కూరగాయల క్రేట్లలో. ఒక్కో గ్లాసుకీ న్యూస్‌పేపరు చుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, టాటా ఏస్‌లో వేసుకెళ్తాం. హాల్లో పేపర్లు విప్పి, ఓసారి కడిగి, తుడిచి ట్రేల్లో సర్దుతాం. ఫంక్షన్ అయ్యాక వెనక కుళాయి దగ్గర ఐదుగురు ఆడవాళ్లు టబ్బుల్లో సర్ఫ్ నీళ్లు పోసుకుని, పీటల మీద కూర్చుని, అర్ధరాత్రి దాటేదాకా కడుగుతూనే ఉంటారు. మళ్లీ తుడవడం, మళ్లీ పేపరు చుట్టడం. ప్రతి ఫంక్షన్‌కీ కొన్నిటికి అంచులు పెచ్చులు లేస్తున్నాయి. కొన్ని ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయి, విడదీస్తుంటే పగులుతున్నాయి. మొన్న మాఘమాసం ముహూర్తాల్లో, మా దగ్గర ఎప్పటి నుంచో చేస్తున్న ఒకావిడకి టబ్బు అడుగున పెంకు గుచ్చుకుని బొటనవేలికి కుట్లు పడ్డాయి. ఆవిడ మళ్లీ పనిలోకి వచ్చింది గానీ గ్లాసుల టబ్బు జోలికి వెళ్లనంటోంది. అందులో ఆవిడ తప్పేం లేదు. కొత్తవాళ్లు చూద్దామంటే దొరకట్లేదు.

ఒక డీలరు గ్లాసులు కడిగే మెషీన్ కొనమంటున్నాడు, లక్షల్లో పని. ఇంకొకాయన గళ్ల ర్యాకులు, చక్రాల బండ్లు ఉంటే చాలంటున్నాడు. ఏది ముందు? అసలు మాలాగా ఊరూరా తిరిగి చేసేవాళ్లకి ఇవి పనికొస్తాయా?

స్టీవార్డింగ్ సూపర్‌వైజర్, హైదరాబాద్

ముందు ర్యాకులండి. మెషీన్ సంగతి తర్వాత.

నేను హైదరాబాద్‌లో ఒక హోటల్ బాంక్వెట్ వెనక కిచెన్ స్టీవార్డింగ్ చూస్తాను. వంట మాది కాదు, వడ్డన మాది కాదు. ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు కడగడం, లెక్కపెట్టడం, మళ్లీ టైముకి టేబుల్ దగ్గరికి చేర్చడం మా పని. కడిగేవాళ్ల చేతులు, నడుములు ఎలా ఉంటున్నాయో రోజూ చూసేవాణ్ణి కాబట్టి మీ పోస్టులో ఆవిడ బొటనవేలి దగ్గర ఆగిపోయాను. సర్ఫ్ నురగలో పగిలిన గాజు కళ్లకి కనపడదు. గ్లాసుల్ని టబ్బులో కుప్పగా వేసినంతకాలం ఎవరో ఒకరి చెయ్యి కోసుకుంటూనే ఉంటుంది. మీరు వేరే ఏం కొన్నా కొనకపోయినా ఆ టబ్బు మాత్రం తీసేయండి.

ఇక పని లెక్క. మీరు రాసిన పద్ధతిలో ఒక్క గ్లాసు ఎన్నిసార్లు చేతికి వస్తోందో చూడండి. క్రేటులోంచి తీయడం, పేపరు విప్పడం, కడగడం, తుడవడం, ట్రేలో పెట్టడం. తాగాక టేబుల్ మీంచి తీయడం, టబ్బులో వేయడం, తోమడం, జాడించడం, తుడవడం, పేపరు చుట్టడం, క్రేటులో పేర్చడం. పన్నెండు సార్లు. 1,200 గ్లాసులకి 14,400 సార్లు. మెషీన్ కొంటే వీటిలో తోమడం, జాడించడం, తుడవడం పోతాయి, మిగతావన్నీ అలాగే ఉంటాయి. ర్యాకు కొంటే పేపరు పోతుంది, క్రేటు పోతుంది, పేర్చడం పోతుంది, ఎండబెట్టడానికి వేరే చోటు అక్కర్లేదు. గ్లాసు ఒకసారి గడిలో బోర్లా పడితే మళ్లీ ఇంకో ఫంక్షన్‌లో ట్రే ఎక్కేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ర్యాకునే కడుగుతాం, ర్యాకునే ఆరబెడతాం, ర్యాకునే మోస్తాం.

ర్యాకు అంటే అర మీటరు పొడుగు, అర మీటరు వెడల్పు ఉండే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ చట్రం. అడుగంతా జల్లెడలా ఉంటుంది, నీళ్లు నిలవవు. కడిగే మెషీన్లు కూడా ఎక్కువ భాగం ఇదే కొలతకి తయారవుతాయి కాబట్టి ఇప్పుడు కొన్నవి రేపు మెషీన్‌కి కూడా సరిపోతాయి. లోపల గళ్లు 16, 25, 36, 49 ఇలా వస్తాయి. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉన్నా, 16 గళ్లదాంట్లో 11 సెంటీమీటర్ల గ్లాసు పడుతుంది, 25 దాంట్లో 8.7, 36 దాంట్లో 7.3, 49 దాంట్లో 6. గ్లాసుని నోటి దగ్గర కొలవకండి, ఎక్కడ ఎక్కువ లావుగా ఉందో అక్కడ కొలవండి. గడిలో బిగుసుకుపోతే నీళ్లు చుట్టూ తిరగవు, మరీ వదులుగా ఉంటే బండిలో కొట్టుకుంటుంది. ఎత్తు కోసం పైన ఎక్స్‌టెండర్ చట్రాలు బిగించుకోవచ్చు. ఒక్కోటి సుమారు 4 సెంటీమీటర్లు పెంచుతుంది. పై ర్యాకు బరువు కింది గ్లాసు మీద పడకూడదు, చట్రం మీదే పడాలి. కొట్లోనే రెండు ర్యాకులు పేర్చి, మధ్యలో వేలు పెట్టి చూసుకోండి.

చక్రాల బండి, మేం డాలీ అంటాం, ర్యాకు సైజుకే వస్తుంది. గ్లాసులు నిండిన ర్యాకు 9, 10 కిలోలు తూగుతుంది. ఒక మనిషి ఒక ర్యాకు ఎత్తచ్చు, రెండు ఎత్తనివ్వకండి. డాలీ మీద ఆరు పేర్చితే ఛాతీ వరకు వస్తుంది, ఒక్కరే 60 కిలోలు తోసుకుపోవచ్చు. అంతకంటే ఎత్తు పేర్చితే తోసేవాళ్లకి ముందున్నది కనపడదు. చక్రం 5 అంగుళాలకి తగ్గకూడదు. చిన్న చక్రాలు టైల్స్ సందుల్లో, సౌండ్ వాళ్ల కేబుళ్ల మీద, రెడ్ కార్పెట్ మడతల్లో ఆగిపోతాయి. అలా ఆగినప్పుడే పై ర్యాకు కింద పడేది. రెండు చక్రాలకి బ్రేకు తప్పకుండా ఉండాలి. ఫంక్షన్ హాళ్లలో డైనింగ్ నుంచి వెనక్కి వెళ్లేచోట ఒక గడపో, మెట్టో ఉంటుంది. వెల్డింగ్ షాపులో చెకర్డ్ ప్లేటుతో చిన్న ర్యాంపు చేయించి బండిలోనే ఉంచుకోండి.

అసలు లాభం మాత్రం గ్లాసులు తిరిగొచ్చే చోట ఉంది. అక్కడ నడుమెత్తు బల్ల వేయండి. బల్ల పక్కన జల్లెడ పెట్టిన బకెట్టు, బల్ల మీద ఖాళీ ర్యాకు, వెనకాల డాలీ, ఈ వరసలోనే. ఖాళీ గ్లాసులు తెచ్చిన కుర్రాడు మిగిలిన జ్యూసు బకెట్టులో వంపి, పుదీనా ఆకు, టిష్యూ జల్లెడలో దులిపి, తన చేత్తోనే గ్లాసుని గడిలో బోర్లించి వెళ్లాలి. ట్రే అక్కడ పడేసి పోతానంటే ఒప్పుకోకండి. ఇది మొదటి రెండు ఫంక్షన్లలో గొడవ అవుతుంది, తర్వాత అలవాటైపోతుంది. ర్యాకు నిండగానే దానిమీద చల్లటి నీళ్లు పైపుతో కొట్టండి. సబ్జా గింజలు ఆరాయంటే గాజుకి జిగురులా పట్టేస్తాయి, బ్రష్షు పెట్టినా గ్లాసు అడుగు అంచున ఒకటో రెండో మిగిలే ఉంటాయి. బాదంపాలు, లస్సీ ఇచ్చిన గ్లాసులకి మొదటే వేడినీళ్లు తగలనివ్వకండి, పాలు ఉడికి గాజు మీద పొరలా నిలిచిపోతాయి. చల్లనీళ్లు ముందు, వేడినీళ్లు తర్వాత.

అలా జాడించిన ర్యాకుల్ని హాల్లో కడగకుండానే బండెక్కించండి. పొద్దున్నే మీ గోడౌన్‌లో, వెలుతురులో, నిలబడి కడుక్కోవచ్చు. అర్ధరాత్రి కటికనేల మీద, నిద్రకళ్లతో కడిగించడమే మీ దగ్గర గ్లాసులు పగలడానికీ, మనుషులు పని మానేయడానికీ కారణం అని నా నమ్మకం.

నెల్లూరు సప్లయర్స్

పైన అన్నయ్యగారు చెప్పినవి హోటల్లో చక్కగా కుదురుతాయి. మాది టెంటు, సామాన్ల సప్లై, మావారు పోయాక నేనే చూసుకుంటున్నాను. ఒక్క మాట అడ్డం చెప్పాలి. ముహూర్తాలు వరసగా పడినప్పుడు రాత్రి రిసెప్షన్ అయిన గ్లాసులే పొద్దున ఇంకో ఊళ్లో పెళ్లి టిఫిన్లకి కావాలి. గోడౌన్‌కి తెచ్చి, వెలుతురు వచ్చాక కడుగుదాం అంటే కుదరదు. అలాంటి రోజుల కోసం సరుకు రెండు సెట్లన్నా ఉండాలి, లేదా గ్లాసుల వాడకమే తగ్గించుకోవాలి.

నేను రెండోది చేశాను. నీళ్లకి స్టీలు గ్లాసులే పెడతాను. నీళ్ల గ్లాసు ఎవరూ ఫోటో తీయరు. వెల్‌కమ్ డ్రింకుకీ, స్వీటు దగ్గర ఇచ్చే బాదంపాలకీ మాత్రమే గాజు. పార్టీవాళ్లకి ముందే వివరంగా చెప్తే పదిమందిలో ఎనిమిది మంది సరేనంటున్నారు.

డబ్బు లేకపోతే మొదట మోతకి మాత్రం సన్‌ప్యాక్ షీటు (లోపల సన్నటి గొట్టాల్లా ఖాళీలుండే ప్లాస్టిక్ అట్ట) కోయించి గళ్లు చేసి, గట్టి ప్లాస్టిక్ క్రేట్లలో దించుకోండి. చవకలో అవుతుంది, న్యూస్‌పేపరు పని పోతుంది. కానీ అందులో పెట్టి కడగలేం. షీటు గొట్టాల్లో నీళ్లు నిలిచి వాసనొస్తుంది.

గ్లాసు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే గుంజకండి తమ్ముడూ. లోపలిదాంట్లో చల్లనీళ్లు పోసి, బయటిదాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచండి, వదులవుతుంది. సలసల కాగే నీళ్లు వద్దు, చిట్లుతుంది.

డాలస్ నుంచి

ఇక్కడ మన తెలుగువాళ్ల పెళ్లిళ్లకి నేను వారాంతాల్లో కోఆర్డినేషన్ చేస్తుంటాను. గ్లాసులు అద్దెకి తెచ్చుకుంటే ర్యాకుల్లోనే వస్తాయి, తాగాక మిగిలింది ఒంపేసి అవే ర్యాకుల్లో బోర్లించి ఇచ్చేస్తాం. కడుక్కునే పని అద్దెకిచ్చిన వాళ్లదే, వాళ్ల గోడౌన్‌లో మెషీన్లు ఉంటాయి. నెల్లూరు అక్కలాంటి వాళ్లు ఈ పద్ధతి పెడితే తెనాలి, గుంటూరు క్యాటరర్లు నలుగురూ కలిసి ఒకే మెషీన్ వాడుకోవచ్చు కదా. ప్రతివాళ్లూ మెషీన్ కొనక్కర్లేదు.

తెనాలి వంటలు

అందరికీ చాలా థాంక్సండి. టేపు పట్టుకుని కొలిచాను. మా గ్లాసు నడుము దగ్గర 7.6 సెంటీమీటర్లు ఉంది. అంటే 36 గళ్లదాంట్లో పట్టదు, 25 దాంట్లోనే పట్టాలి. 1,200కి 48 ర్యాకులు కావాలి! నేను 34 అనుకుంటున్నాను.

ఇంకో రెండు ఇబ్బందులు. మేం ఎక్కువ చేసే హాల్లో డైనింగ్ మొదటి అంతస్తులో ఉంది, సామాను లిఫ్టు లేదు. మా గోడౌన్‌లో బోరు నీళ్లు బాగా ఉప్పన. ఎంత కడిగినా ఆరాక తెల్లమరకలు కనపడతాయి, అందుకే తుడవడం తప్పట్లేదు. మెషీన్ కొంటే ఈ మరకలు పోతాయా?

స్టీవార్డింగ్ సూపర్‌వైజర్, హైదరాబాద్

48 కొనకండి. నెల్లూరు చెల్లెమ్మ మాట వినండి. ముహూర్తాల గురించి ఆవిడ చెప్పిందే నిజం, నేను హోటల్లో ఒకేచోట ఉంటాను కాబట్టి ఆ తిరుగుడు నాకు లేదు. నీళ్లు స్టీలుకి మార్చేస్తే మీకు ఒక ఫంక్షన్‌కి 600 గాజు గ్లాసులు చాలు. 25 గళ్లలో 24 ర్యాకులు, ఆరేసి చొప్పున నాలుగు డాలీలు. మిగతా 600 గ్లాసులు రెండో సెట్టు. దానికి ర్యాకులు వచ్చే సీజన్‌కి చూసుకోవచ్చు, ఈలోగా సన్‌ప్యాక్ గళ్ల క్రేట్లలో ఉంచండి.

బండిలో పేర్చేముందు తొట్టి వెడల్పు కూడా కొలవండి. మూడు వరసలు పట్టాలంటే లోపల మీటరున్నర నిండుగా ఉండాలి. ఒక్క సెంటీమీటరు తగ్గినా రెండు వరసలే. అప్పుడు పక్కన మిగిలిన ఖాళీలో డాలీలు నిలబెట్టి కట్టేయచ్చు. దారిలో ర్యాకుల్ని డాలీల మీద ఉంచకండి, ఎంత బ్రేకు వేసినా గతుకుల్లో కదులుతాయి. తొట్టిలో రబ్బరు మ్యాటు పరిచి, ర్యాకులు నేరుగా దానిమీద పేర్చి, రాచెట్ బెల్టుతో బిగించండి. పైన టార్పాలిన్ కప్పండి, కడిగిన గ్లాసుల మీద రోడ్డు దుమ్ము పడకూడదు.

మెట్ల దగ్గర: మూడేసి చక్రాలు గుత్తిగా ఉండి మెట్టు మెట్టుకీ తిరుగుతూ ఎక్కే ట్రాలీ దొరుకుతుంది. మూడు ర్యాకులు బెల్టుతో కట్టి, ఒకరు పైనుంచి లాగుతూ, ఒకరు కిందనుంచి పట్టుకుంటూ ఎక్కించచ్చు. మెట్లు ఇరుగ్గా ఉంటే దాన్నీ నమ్ముకోకండి. రెండు డాలీలు పైన, రెండు కింద ఉంచి, మధ్యలో మనుషులు నిలబడి ఒక్కొక్క ర్యాకూ చేతులు మార్చుకోవడమే మంచిది. 24 ర్యాకులే కాబట్టి పెద్ద పని కాదు. ర్యాకు పక్కల చేతిపిడి గుంటలు ఉంటాయి. గళ్లలో వేళ్లు పెట్టి ఎత్తితే గ్లాసు అంచు వేలికి తగులుతుంది, మీవాళ్లకి పిడి చూపించి చెప్పండి.

ఇక నీళ్లు. మెషీన్ మాట ఎత్తకముందే ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. బోరు నీళ్లతో మెషీన్ నడిపితే తెల్లమరకలు పోకపోగా లోపల హీటరుకీ, నీళ్లు చిమ్మే రంధ్రాలకీ గార పట్టి మెషీనే ఆగిపోతుంది. ముందు ఒక పరీక్ష చేయండి. గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, మరక పడ్డ గ్లాసుని పావుగంట నానబెట్టండి. తెల్లదనం పోతే అది నీళ్లలోని సున్నం, గ్లాసు బాగున్నట్టే. పోకపోతే గాజు పైపొరే దెబ్బతింది, ఇక దేనితోనూ బాగవదు. ఘాటు డిటర్జెంటుతో, మరీ వేడినీళ్లతో పదేపదే కడిగితే అలా అవుతుంది. అలాంటివి పక్కన పెట్టేయండి.

తాగే నీళ్ల ప్రమాణం ప్రకారం గట్టిదనం, అంటే నీళ్లలోని సున్నం లెక్క, లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్లు ల్యాబులో ఇచ్చి ఆ ఒక్క అంకె తెలుసుకోండి. సాఫ్ట్‌నర్ పెడితే సున్నం పోతుంది, కానీ నీళ్లలో కరిగిన ఉప్పు పోదు. అందుకే ఆరాక పల్చటి మరక మిగులుతుంది, అది తడిగుడ్డకే పోతుంది. పూర్తిగా మెరవాలంటే చివరి జాడింపుకి మాత్రం ఆర్వో నీళ్లు వాడండి. మెషీన్ లేకుండా కూడా ఇది కుదురుతుంది.

మెషీన్ లేకుండా కడగడం ఇలా. ర్యాకు మొత్తం మునిగే తొట్లు మూడు, లోపల 55 సెంటీమీటర్ల చతురస్రం ఉండేట్టు స్టీలుతో చేయించి, నడుమెత్తు స్టాండు మీద పెట్టించండి. మొదటిది సబ్బునీళ్లు, రెండోది మంచినీళ్లు, మూడోది లీటరుకి 50 నుంచి 100 మిల్లీగ్రాముల (పీపీఎం) క్లోరిన్ కలిపినవి. ర్యాకుని ముంచి, ఊపి, ఎత్తి పక్క తొట్టిలోకి. లిప్‌స్టిక్కో, జిడ్డో ఉన్న గ్లాసుల్ని మాత్రం బయటికి తీసి, తొట్టి అడుగున అతుక్కునే నిలువు బ్రష్షు మీద తిప్పాలి, చెయ్యి లోపలికి పెట్టనక్కర్లేదు. తర్వాత ఏటవాలు పలకల స్టాండు మీద ర్యాకుల్ని వదిలేస్తే నీళ్లు కారిపోయి వాటంతట అవే ఆరతాయి. గుడ్డతో తుడవడం మానేయండి. ఆ గుడ్డ రెండు ర్యాకులు తుడిచేసరికి తడిసి మురికవుతుంది, ఆ మురికే తర్వాతి గ్లాసులకి అంటుతుంది. ఇదంతా మీ దగ్గర కడిగే ఆడవాళ్లు నిలబడి, రబ్బరు గ్లౌజులు వేసుకుని చేసుకోవచ్చు. కుట్లు పడిన ఆవిణ్ణి మళ్లీ తోమే పనిలో పెట్టకండి. తిరిగొచ్చే బల్ల దగ్గర పెట్టండి, పెచ్చు లేచిన గ్లాసుని ర్యాకులోకి పోనివ్వకుండా ఆపే పని ఆవిడకి ఇవ్వండి. ఆవిడ కంటే జాగ్రత్తగా చూసేవాళ్లు మీకు దొరకరు.

మెషీన్ ఎప్పుడు కొనాలంటే, వరసగా ఫంక్షన్లు పడి రెండు సెట్లూ ఒకే రోజు తిరిగొస్తున్నప్పుడు. మీకు కావలసింది హుడ్ టైపు. ర్యాకుని పక్కనుంచి తోసి, మూత దించితే సుమారు 60 డిగ్రీల నీళ్లతో కడిగి, 82 డిగ్రీలు దాటిన నీళ్లతో జాడిస్తుంది. ఒక ర్యాకుకి రెండు నిమిషాలు వేసుకున్నా మీ 24 ర్యాకులు 48 నిమిషాలు, ర్యాకుకి 3 లీటర్ల చొప్పున 72 లీటర్లు. వేడి మీద వస్తాయి కాబట్టి కొన్ని నిమిషాల్లో ఆరతాయి, ఆ వేడి గ్లాసులో చల్లటి జ్యూసు మాత్రం పోయకండి. త్రీ ఫేజ్ కరెంటు, కింద డ్రైనేజీ, సాఫ్ట్‌నర్ ఉన్న చోటే అది పనిచేస్తుంది, హాల్లోకి మోసుకెళ్లేది కాదు. డాలస్ ఆయన చెప్పినట్టు నలుగురు కలిసి పెట్టుకోగలిగితే ఇంకా మంచిది. అప్పుడు నలుగురివీ ఒకే సైజు ర్యాకులై ఉండాలి.

తెనాలి వంటలు

అర్థమైందండి. రేపే నీళ్లు ల్యాబుకి పంపిస్తాను. ర్యాకులు ముందు ఆరు, ఒక డాలీ తెచ్చి ఒక చిన్న ఫంక్షన్‌లో చూస్తాను. ఆవిడకి బల్ల పని చెప్పాను, సరేనంది.

స్టీవార్డింగ్ సూపర్‌వైజర్, హైదరాబాద్

ఆరుతో మొదలుపెట్టడం మంచిదే. కొట్టుకి వెళ్లేటప్పుడు మీ గ్లాసులు ఐదారు వెంట తీసుకెళ్లండి. నాలుగు మూల గళ్లలో, మధ్య గడిలో పెట్టి ర్యాకుని ఊపి చూడండి. ఏ కంపెనీది తీసుకున్నారో రాసి పెట్టుకుని మిగతా 18 కూడా అదే కంపెనీవి తెచ్చుకోండి. సైజు ఒకటే అయినా కంపెనీ మారితే అంచుల గాడి మారుతుంది, ఒకదాని మీద ఒకటి కూర్చోవు.